డిజైనర్లకి సీఎస్ఎస్ నేర్పబోతున్న మామకి

మామా,

డీటీపీ, ఫ్లెక్సీ పని చేసే కుర్రాళ్లకి వెబ్ డిజైన్, అందులోనూ పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్ భాష, నేర్పబోతున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. ఒక్క మాట మాత్రం విను, మొదటి క్లాసులోనే రెడీమేడ్ డిజైన్ ముక్కలు ఇచ్చే బూట్‌స్ట్రాప్ పెట్టొద్దు. రంగు, ఖాళీ, అక్షరం బరువు వాళ్లకి మనకన్నా బాగా తెలుసు. వాళ్లకి అలవాటు లేనిదల్లా ఒకటే: కాగితం సైజు మనం చెప్పినట్టు ఉంటుంది, తెర సైజు చదివేవాళ్ల ఫోన్‌ని బట్టి ఉంటుంది.

ముందు సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే వెబ్‌సైట్ చూపించు. 2003లో వెబ్ డిజైనర్ డేవ్ షే మొదలుపెట్టాడు కదా, పేజీలో విషయం ఉండే హెచ్‌టీఎంఎల్ అదే, ఒక్క స్టైల్ ఫైల్ మారిస్తే పేజీ మొత్తం కొత్తగా కనిపిస్తుంది. డిజైనర్‌కి అంతకన్నా ఆశ పుట్టించేది నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఇక తెలుగు సంగతి. డీటీపీలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన మేటర్ వెబ్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయని, మొత్తాన్నీ జేపీజీ చేసి పెట్టేస్తారు. అది సెర్చ్‌లో సరిగ్గా దొరకదు, చూపు లేనివాళ్లకి తెర మీది మాటలు పైకి చదివే స్క్రీన్ రీడర్ చదవదు, ఫోన్‌లో వేళ్లతో లాగి లాగి చూడాలి. కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడే. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి.

లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు, మీద మాత్రం ఒక పూటంతా కూర్చోబెట్టు మామా, తెలుగు పేజీ అందమంతా అక్కడే ఉంది. ఇంగ్లిష్ కోసం చేసిన టెంప్లేట్లో అది అక్షరం సైజుకి 1.2 రెట్లు పెట్టి ఉంటే, అందులో "రాష్ట్రం" రాయగానే వత్తులు కిందికి దిగి కింది లైన్లో గుడులకి తగులుతాయి, అదే బటన్ ఎత్తు పిక్సెళ్లలో బిగించేస్తే వత్తు సగానికి తెగిపోవచ్చు. 1.6 నుంచి 1.8 దాకా పెట్టి చూడమను, పక్కన యూనిట్ రాయొద్దను, అప్పుడు అక్షరం పెద్దదైతే లైను ఎడం కూడా దానంతటదే పెరుగుతుంది.

అక్షరాల సైజుకి బ్రౌజర్ సెట్టింగ్‌ని బట్టి మారే రెమ్ యూనిట్ వాడాలి, ఎందుకంటే పెద్దవాళ్లు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెంచుకున్నా పిక్సెళ్లలో ఇచ్చిన సైజు కదలదు. రంగులన్నీ పైన ఒకేచోట వేరియబుల్స్‌గా, అంటే పేరు పెట్టి దాచిన విలువలుగా, రాయించు. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు వేస్తే ఒప్పుకోకు, మామూలు సైజు అక్షరాలకి వెనక రంగుతో కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని, వెబ్ అందరికీ అందేలా పెట్టిన ప్రమాణం డబ్ల్యూసీఏజీ చెబుతోంది, మన ఎండలో బయట నిలబడి ఫోన్ చూసేవాళ్లకి అది ఎంత అవసరమో నీకు తెలుసు.

ప్రాక్టీస్‌కి పెళ్లి శుభలేఖ ఇవ్వు, వాళ్లకి చేతికొచ్చిన పనే కదా, కాకపోతే ఈసారి ఒక్క మాట కూడా బొమ్మలో ఉండకూడదు. అయ్యాక లింకులు పంపు, ఒక్కొక్కటీ చూసి రాస్తాను.

నీ
అల్లుడు