కారంచేడు, చుండూరు స్థలాల పరిరక్షణ: మన సంఘం 2025–26 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, చీరాల, చుండూరుల నుంచి పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు జై భీమ్.

మన సంఘం ఎందుకు పుట్టిందో ఇక్కడ కూర్చున్నవారికి మళ్లీ చెప్పక్కర్లేదు. నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది జులై 17 ఫొటో ప్రదర్శన. కారంచేడు దళితుల ఊచకోతకు 40 ఏళ్లు నిండిన రోజు అది. తాగే నీళ్లు పాడు చేయొద్దన్నందుకు, కొట్టబోయిన వాళ్ల మీదికి మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు, 1985లో ఊరి భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరికి పోయేది లేదని తేల్చి చెప్పి చీరాలలోనే స్థిరపడ్డారు. అలా వచ్చిందే విజయనగర్ కాలనీ. పాత ఫొటోలు, పేపర్ కటింగులు, కరపత్రాలు పోగేసి ఆ కాలనీలోనే పెట్టాం. హాలు అద్దెకు తీసుకుని పట్నంలో పెడదామన్నవాళ్లు ఉన్నారు. కాలనీలోనే పెట్టాలని నేను పట్టుబట్టాను, అదే మంచిదైంది.

మధ్యాహ్నం ఒక పెద్దమ్మ అప్పటి చీరాల శిబిరం డేరాల ఫొటో ముందు ఆగిపోయింది. కళ్లజోడు పైకి తోసి, వేలు పెట్టి ఒక్కో ముఖం చూపిస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరి కోడలు, ఎవరి చంకలో ఎవరి పిల్ల అన్నీ చెప్పింది. పక్కనే ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి నోట్‌బుక్ తీసి రాసుకుంటూ పోయింది. అన్నాళ్లూ మన దగ్గర ఆ ఫొటో వెనక 'శిబిరంలో మహిళలు' అని మాత్రమే ఉండేది. ఇప్పుడు పేర్లున్నాయి. ఆ అమ్మాయికి ఈ సభ తరఫున ప్రత్యేక అభినందనలు.

చుండూరు పని ఇంతకంటే కష్టం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో, తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఆ శవాలను ఎక్కడో ఊరవతల కాదు, ఊరి నడుమే పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు మనవాళ్లు. పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కాగితం మీద తీర్పు మారొచ్చు, ఆ సమాధులు మాత్రం మారవు. అందుకే ఆ నేలను కాపాడటం మన మొదటి పని అని నేను ప్రతి సమావేశంలోనూ అంటున్నాను.

వర్షాకాలానికి ముందే అక్కడ పిచ్చిమొక్కలు పీకించి, పెచ్చులూడిన ఎనామిల్ రంగు గీకించి సున్నం వేయించాం. నిగనిగలాడే పెయింట్ అయితే ఫొటోల్లో బాగుంటుందని కొందరన్నారు. మన డెల్టా చెమ్మ నేలలో ఎనామిల్ కింద తడి చేరి గోడ పొరలుగా లేస్తుంది. సున్నమైతే ఏటా వేసుకోవాలి కానీ గోడ నిలుస్తుంది. కూలి తీసుకోకుండా పనిచేసిన మేస్త్రీ అన్నకు, ఆ రెండు రోజులూ భోజనాలు పెట్టిన పేట ఆడవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే.

డ్రెయిన్ గట్టు మీద చిన్న బోర్డు పెట్టుకోవడానికి అనుమతి అడిగాం. మాది కాదంటే మాది కాదని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిప్పారు. అర్జీ తీసుకున్న అధికారి బదిలీ అయ్యారు, వచ్చినాయన ఫైలు చూడలేదన్నారు. రెండు ఊళ్లూ 2022 నుంచి బాపట్ల జిల్లాలోకే వచ్చాయి కదా, పని సులువవుతుందనుకున్నాం. అలా ఏమీ జరగలేదు. విగ్రహాలకు దండలు వేయడానికి వచ్చేవాళ్లు ఈ ఒక్క సంతకం ఎందుకు పెట్టించలేరో సభ్యులే అడగాలి.

పాత ఆడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని సగంలో ఉంది. కొన్ని టేపులకు బూజు పట్టింది, ఇంకో ఏడాది ఆగితే దక్కవు. కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని వచ్చిన బొజ్జా తారకం గారు 2016లో పోయారు. ఆనాటి సాక్షులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇది తెలిసీ, పోయిన సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి పేర్లిచ్చిన యువకుల్లో చాలామంది రికార్డింగుకు ఒక్కరోజు కూడా రాలేదు. వాట్సాప్ గ్రూపులో జై భీమ్ పెట్టడానికి మాత్రం అందరూ ఉంటారు. బాధతోనే రాస్తున్నాను. వచ్చిన ముగ్గురు పిల్లలే మొత్తం భారం మోశారు, వాళ్లను వేదిక మీదికి పిలవమని అధ్యక్షులను కోరుతున్నాను.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆడిట్ అయింది. చందా బాకీలు త్వరగా కట్టగలరు.

స్కానర్ ఇచ్చిన రిటైర్డ్ టీచర్ గారికి, టెంట్ డబ్బులు తగ్గించిన సప్లయర్ తమ్ముడికి, కోర్టు కాగితాలు జిరాక్స్ తీయించిచ్చిన వకీలు గారికి, చర్చి పెద్దలకు, విలేకరి మిత్రులకు కృతజ్ఞతలు.

2026 ఆగస్టు 6కి చుండూరు ఘటనకు 35 ఏళ్లు. ఈలోగా టేపుల పని పూర్తి కావాలి, బోర్డు కోసం మళ్లీ అర్జీ పెట్టాలి, దానికి ఈ సభ తీర్మానం కావాలి. టేపులు విని రాసిపెట్టేవాళ్లు వారానికి ఒక్క ఆదివారం ఇస్తే చాలు. సభ ముగిశాక పేర్లు నా దగ్గర రాయించండి, రాయించినవాళ్లు దయచేసి రండి.

కార్యదర్శి