గెస్టు దగ్గర డబ్బు తీసుకుని ప్రశ్నలేం అడుగుతాం?

సంపాదకుల వారికి నమస్కారం.

వ్యాపారవేత్తల్ని ఇంటర్వ్యూ చేసే పాడ్‌కాస్ట్ ఎలా మొదలుపెట్టాలో చెబుతూ ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. ఇలాంటి షోలకు ఆడియో ఎడిటింగ్ చేయడమే నా పని కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఆసక్తిగానే చదివాను, మైకుల గురించి, కెమెరాల గురించి రాసింది చాలావరకు సరిగ్గానే ఉంది. కానీ ఆదాయం దగ్గరికి వచ్చేసరికి 'గెస్టుల నుంచి ఫీజు తీసుకోవచ్చు' అని ఒక్క లైనులో తేల్చేశారు, స్పాన్సర్‌షిప్ లాగా అదీ ఒక పద్ధతే అన్నట్టు. ఆ లైను చదివి రేపు షో పెట్టే పిల్లలు అదే మామూలు అనుకుంటారేమో అని భయమేసింది. వీలైతే దాన్ని సవరించండి. ఎందుకో చెప్పాలంటే ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

ఈ వ్యవహారం కొత్తదేం కాదు. పేరున్న కొన్ని షోలలో కూర్చోడానికి గెస్టులు 50 వేల డాలర్ల దాకా కడుతున్నారని 2022లోనే అమెరికా వార్తాసంస్థ బ్లూమ్‌బర్గ్ రాసింది. అంత డబ్బు కట్టి వచ్చే మనిషికి అమ్ముకోవాల్సింది ఏదో ఒకటి ఉంటుంది, పుస్తకమో, కోర్సో, కంపెనీలో వాటానో. అలాంటి మనిషిని 'మీ పార్ట్‌నర్ ఎందుకు వెళ్లిపోయాడు?' అని అడగగలమా? పోనీ ధైర్యం చేసి అడిగాం అనుకోండి, మర్నాడు వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఆ ముక్క తీసేయమంటే కుదరదనగలమా? డబ్బు తీసుకున్న సంగతి ఎపిసోడ్ మొదట్లోనే చెబితే అది ప్రకటన, వినేవాళ్లు ప్రకటనలాగే వింటారు, గొడవ లేదు. చెప్పకుండా దాన్నే ఇంటర్వ్యూ అని వదలడం మాత్రం వినేవాళ్లను మోసం చేయడమే.

అసలు వ్యాపారవేత్తల ఇంటర్వ్యూల్లో ఉన్న పెద్ద చిక్కేమిటంటే వాళ్ల దగ్గర కథ ముందే తయారుగా ఉంటుంది. ఇన్వెస్టర్లకు, ఉద్యోగులకు, విలేకరులకు చెప్పీ చెప్పీ నున్నబడిన కథ: ఉద్యోగం మానేశాను, అందరూ పిచ్చన్నారు, చేతిలో చిల్లిగవ్వ లేదు, ఒక్క కస్టమర్ దొరికాడు, ఇక వెనక్కి తిరిగి చూసుకోలేదు. 'మీ ప్రయాణం గురించి చెప్పండి' అని అడిగామా, ఆ టేపు మొదటి నుంచి తిరుగుతుంది. అబద్ధం అనను. కానీ విన్నవాడికి అందులో పనికొచ్చేది ఏమీ మిగలదు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్న రోజు చేతిలో ఎంత ఉంది, ఎదురుగా ఎన్ని దారులున్నాయి, దేన్ని ఎందుకు వదిలేశారు అనేవన్నీ అందులోంచి ఎప్పుడో రాలిపోయి ఉంటాయి.

ఎడిటింగ్ చేసేటప్పుడు నాకు మాట గీతలుగా కనిపిస్తుంది. తయారు కథ నడుస్తున్నంతసేపూ ఆ గీతలు తడబాటు లేకుండా ఒకే తీరుగా సాగిపోతాయి. ఈ మధ్య ఒక ఎపిసోడ్‌లో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒకావిడ అలాగే చెప్పుకుపోతున్నారు, పెద్ద ఆర్డర్ రద్దయింది కానీ ధైర్యం వదల్లేదు అంటూ. హోస్టు మధ్యలో ఆపి, "ఆ నెల జీతాలు ఎలా ఇచ్చారు?" అన్నాడు. గీత ఒక్కసారిగా చదునైపోయింది. కాసేపు కుర్చీ కిర్రుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత ఆవిడ, "ముగ్గురికి ఇవ్వలేదండీ. ఎవరికి ఆపితే తట్టుకోగలరో నేనే కూర్చుని కాగితం మీద రాసుకున్నాను" అన్నారు. అక్కణ్నుంచి అది వేరే ఎపిసోడ్. ఆ ముగ్గురికీ విషయం ఎలా చెప్పారు, ఒకరు మానేసి వెళ్లిపోతుంటే ఏమన్నారు, సరుకు ఇచ్చేవాళ్లను గడువు ఎలా అడిగారు, ఎవరు ఇచ్చారు, ఎవరు మొహం చాటేశారు... అన్నీ వచ్చాయి. ఆ మౌనం బాగాలేదు, కట్ చేసేయమని హోస్టు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆ ఉద్యోగుల పేర్లు మాత్రం తీసేశాం, వాళ్లు ఇంటర్వ్యూ ఇవ్వలేదు కదా.

అడగడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు, అర్థం కానిది అర్థం కాలేదని ఒప్పుకుంటే చాలాసార్లు సరిపోతుంది. 2022 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ వాళ్ల 'ఆడ్ లాట్స్' పాడ్‌కాస్ట్‌కు ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టోకరెన్సీ ఎక్స్ఛేంజి అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్ వచ్చాడు. అప్పటికి క్రిప్టోలో అతని మాటకు ఎదురులేదు. ఆ రోజు అక్కడ కూర్చున్న కాలమిస్టు మాట్ లెవీన్, ఈ యీల్డ్ ఫార్మింగ్ (క్రిప్టో టోకెన్లను ఒకచోట పెట్టి వాటి మీద రాబడి తీసుకోవడం) అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పమన్నాడు, అంతే. ఒక డబ్బా ఊహించుకోండి అని మొదలుపెట్టాడు బ్యాంక్‌మన్-ఫ్రైడ్, ఆ డబ్బా ఏ పనీ చేయకపోయినా జనం డబ్బు వేస్తున్న కొద్దీ దాని విలువ ఎలా పెరుగుతుందో వివరించుకుంటూ పోయాడు. ఇది కొత్తగా చేరినవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు చెల్లించే పాంజీ స్కీములా ఉందే అన్న అర్థంలో లెవీన్ అక్కడే అనేశాడు. నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దివాలా పిటిషన్ వేసింది, 2024 మార్చిలో బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌కు 25 ఏళ్ల జైలుశిక్ష పడింది. శిక్ష కస్టమర్ల డబ్బు విషయంలో చేసిన మోసాలకు పడింది, ఈ డబ్బా కథకు కాదు. అయినా అతని కంపెనీ గురించి అప్పట్లో వచ్చిన పొగడ్తలన్నిటికంటే ఎక్కువ సమాచారం ఆ ఒక్క జవాబులో ఉంది.

అమెరికా రేడియో జర్నలిస్టు గయ్ రాజ్ 2016లో మొదలుపెట్టిన 'హౌ ఐ బిల్ట్ దిస్' అనే వ్యాపారవేత్తల పాడ్‌కాస్ట్ చివర్లో ప్రతి గెస్టునూ ఇందులో అదృష్టం ఎంత, కష్టం ఎంత అని అడుగుతాడు. కొత్తగా షో పెట్టినవాళ్లలో సగం మంది ఇది కాపీ కొడతారు (నా దగ్గరికి వచ్చే ఫైళ్లు చూసి చెబుతున్నాను). అక్కడిదాకా గంటసేపు తవ్వి ఉంటే ఆ ప్రశ్నకు బరువు ఉంటుంది, తవ్వకుండా అడిగితే 'రెండూ ఉన్నాయండీ' అని నవ్వేసి ఊరుకుంటారు.

తవ్వడమంటే ముందు చదవడం. గెస్టు ఇంతకుముందు ఇచ్చిన ఇంటర్వ్యూలన్నీ వినాలి, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చిన సంఘటనలు ఒక కాగితం మీద రాసుకోవాలి, వాటిని అడగకూడదు, పరిచయంలో రెండు వాక్యాల్లో మనమే చెప్పేయాలి. షేర్ మార్కెట్‌లో ఉన్న (లిస్టెడ్) కంపెనీ అయితే వార్షిక నివేదిక ఎవరైనా తెరిచి చూడొచ్చు. వీలైతే పాత ఉద్యోగి ఒకరితో, కస్టమర్ ఒకరితో మాట్లాడాలి. ప్రశ్నలు ముందే పంపమని గెస్టు ప్రచారం చూసే పీఆర్ వాళ్లు అడుగుతారు, పంపితే జవాబులు కూడా వాళ్లే రాసిస్తారు, అందుకని ఏయే విషయాలు మాట్లాడతామో మాత్రం పంపితే చాలు. రికార్డింగ్ అయ్యాక ఏం తీసేయమని అడగొచ్చో, ఏది అడగకూడదో కూడా ముందే రాసుకోవడం మంచిది: తప్పు అంకె చెబితే సరిచేస్తాం, వ్యాపార రహస్యం నోరు జారితే తీసేస్తాం, ఇబ్బందిగా ఉందని మాత్రం తీయం. ఈ మాట రికార్డింగ్ ముందు చెబితే ఎవరూ కాదనరు, తర్వాత చెబితేనే పేచీ.

పెద్ద పేర్ల వెంట పడమని మీ వ్యాసంలో ఉంది. నాకు ఆ సలహా నచ్చలేదు. నెలల తరబడి మెయిళ్లు పెట్టాక ఆ పెద్దాయన అరగంట ఇస్తాడు, పక్కన పీఆర్ మనిషి వాచీ చూస్తూ కూర్చుంటాడు, టేపు తిరుగుతుంది. ఆయన తన పేజీలో లింకు పెడితే ఆ రోజు గ్రాఫు లేస్తుంది, వచ్చినవాళ్లు ఆయన కోసం వచ్చారు కాబట్టి తర్వాతి ఎపిసోడ్‌కు ఒక్కరూ కనపడరు. దానికంటే ఒకే రంగంలో నలిగిన మామూలు మనుషులు, అంకెలు దాచకుండా చెప్పేవాళ్లు, ముఖ్యంగా కంపెనీ మూసేసినవాళ్లు నయం. గెలిచినవాళ్లనే వరసగా వింటే వాళ్లు చేసిన ప్రతిదీ గెలుపుకు కారణంలా కనిపిస్తుంది, అదే పని చేసి మునిగినవాళ్లు ఎంతమందో తెలియదు.

సౌండ్ గురించి ఎక్కువ చెప్పను. మైకు కంటే గది ముఖ్యం, కర్టెన్లు, పరుపు ఉన్న చిన్న గదిలో మామూలు డైనమిక్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంటే చాలు. గెస్టు వేరే ఊళ్లో ఉంటే వీడియో కాల్ ఆడియో వాడకండి, రివర్‌సైడ్, జెన్‌కాస్టర్ లాంటివి ఎవరి గొంతును వాళ్ల కంప్యూటర్లోనే విడిగా రికార్డు చేస్తాయి, నెట్ తెగినా మాట తెగదు. ఇంకొకటి, గెస్టు మాట్లాడుతుంటే హోస్టులు 'ఊఁ, అవునవును' అంటూనే ఉంటారు. తల ఊపండి చాలు, మాకు సగం పని తగ్గుతుంది.

ఇక పెరగడం. డౌన్‌లోడ్ల అంకె చూసి టెన్షన్ పడేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. 2023 సెప్టెంబరులో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో ఆపిల్, వినడం మానేసినవాళ్ల ఫోన్లలోకి పాత ఎపిసోడ్లు వాటంతటవే దిగడాన్ని తగ్గించేసింది. పెద్ద పెద్ద షోలకే అంకెలు పడిపోయాయి. వినేవాళ్లు ఎక్కడికీ పోలేదు, అసలు విననివాళ్లు లెక్కలోంచి పోయారు. అందుకని ఎంతమంది దించుకున్నారన్నది వదిలేసి, ఎక్కడ ఆపేశారో చూడండి. ఆపిల్, స్పాటిఫై రెండూ ఆ గ్రాఫు హోస్టుకు చూపిస్తాయి. నేను చూసిన షోలలో జనం ఎక్కువగా జారిపోయేది మొదటి కొన్ని నిమిషాల్లోనే, హోస్టు తన గురించి, షో గురించి, సబ్‌స్క్రైబ్ చేయడం గురించి చెబుతున్నప్పుడే. అది కోసేసి నేరుగా సంభాషణలోకి దిగితే ఎక్కువమంది ఉంటారు. రీల్స్ వల్ల హోస్టు మొహం నలుగురికీ తెలుస్తుంది, కానీ అవి చూసేవాళ్లు గంట ఎపిసోడ్ వినేవాళ్లుగా మారడం నేను పెద్దగా చూడలేదు. వేరే పాడ్‌కాస్ట్‌లో మనం గెస్టుగా వెళ్లడం మేలు, అక్కడున్నది అప్పటికే గంటసేపు వినే అలవాటున్న జనం. టైటిల్లో గెస్టు పేరు, హోదా కాకుండా లోపల ఏముందో పెట్టాలి. పైన చెప్పిన ఎపిసోడ్‌కు 'జీతాలు ఇవ్వలేని నెల' అని పెట్టారు, గెస్టు ఎవరో తెలియనివాళ్లే ఎక్కువగా విన్నారు.

స్పాన్సర్లు వస్తారు, నెమ్మదిగా. స్పాన్సర్ కంపెనీ ఫౌండర్‌నే గెస్టుగా పిలవాల్సి వస్తే, ఆ ఎపిసోడ్‌లో వాళ్ల ప్రకటన తీసేసి, పరిచయంలోనే వీళ్ల డబ్బు మనకు అందుతోందని చెప్పే హోస్టు ఒకాయన నాకు తెలుసు. మెంబర్‌షిప్ పెట్టి వినేవాళ్ల దగ్గరే కొంత తీసుకునేవాళ్లూ ఉన్నారు, నాకైతే అన్నిటికంటే అదే శుభ్రంగా అనిపిస్తుంది. ఏ దారైనా ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే పడినవాళ్లలో చాలామంది ఎపిసోడ్లకు డబ్బు చాలక మధ్యలో ఆపేశారు. నేను పనిచేసే షోలలో అన్నిటికంటే ఎక్కువకాలంగా నడుస్తున్న దాని హోస్టు ఇప్పటికీ పగలు అకౌంట్స్ చూస్తాడు, రెండు వారాలకోసారి శనివారం రికార్డింగ్ పెట్టుకుంటాడు, చేతిలో కొన్ని ఎపిసోడ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు