సహారా అంటే ఇసుకేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో సహారా గురించి 'ఎటు చూసినా ఇసుక తిన్నెలే' అని రాశారు. 2018లో మేం తొమ్మిది మందిమి మూడు జీపుల్లో పశ్చిమ సహారాలోని దాఖ్లా నుంచి మారిటేనియా రాజధాని నువాక్షోత్ దాకా వెళ్లాం. దారిలో ఎక్కువగా కనిపించింది గులకరాళ్ల నేలే. సహారాలో ఇసుక వాటా దాదాపు పావు వంతే.

గెర్‌గరాత్ సరిహద్దు దాటాక రెండు చెక్‌పోస్టుల మధ్య అప్పట్లో తారు రోడ్డు లేదు. పక్కన పాత మందుపాతరలు ఉంటాయని చెప్పారు. మాలో ఒకాయన మూత్రానికని దిగబోతే డ్రైవర్ అరిచిన అరుపుకి ఆయనకి ఆ పనే గుర్తు లేకుండా పోయింది! ఇంత టెన్షన్ ఉంటుందని మా ట్రావెల్స్ వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

మారిటేనియా రేవు పట్టణం నువాదిబూ దగ్గర ఇనుప ఖనిజం రైలు కోసం ఆగాం. జ్వేరాత్ గనుల నుంచి రేవుకి దాదాపు 700 కిలోమీటర్లు వస్తుంది. నేను విశాఖకి ఇనుప ఖనిజం తెచ్చే కిరండూల్ లైన్లో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. మా రేకుకి, అంటే ఒక గూడ్స్ బండికి, 58 వ్యాగన్లు. ఇక్కడ వేళ్లు మడుస్తూ 180 దాకా లెక్కపెట్టి తప్పాను, రైలు ఇంకా పోతూనే ఉంది. ఖనిజం గుట్టల మీద తలపాగాలు చుట్టుకుని మనుషులు, పక్కన మేకలు. నల్లటి ధూళి మా పళ్ల మధ్య కరకరలాడింది.

ఈసారి రాసేటప్పుడు ఆ రైలు ఫొటో ఒకటి వేయండి.

- ఒక రిటైర్డ్ గార్డు, విశాఖపట్నం