పైపు కిందికి పోయేకొద్దీ సన్నబడకూడదు, అమ్మడూ

అమ్మడూ,

రాత్రి నువ్వు పంపిన ఫోటోలు పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ చూశాను, కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి మరీ. మూడో ఫోటో దగ్గర ఆగిపోయాను. బాత్రూంలో నాని ట్రాప్, అదే నేల మీద నీళ్లు దిగే జాలీ కింది ముక్క, దగ్గర్నుంచి వచ్చే 110 మిల్లీమీటర్ల పైపు గోడ దగ్గరికి వచ్చేసరికి 75 అయిపోయింది. జాయింటు మీద పైపులు అతికించే సొల్యూషన్ ఇంకా మెరుస్తూనే ఉంది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నువ్వు ఆఫీసులో ఉంటావు, పైగా ఇలాంటివి ఫోన్‌లో చెబితే సాయంత్రానికి సగం మర్చిపోతావు. రాసి ఉంటే మీ ప్లంబర్‌కి కూడా చదివి వినిపించవచ్చు. అతన్ని తప్పు పట్టమని కాదు, అతను ఎందుకలా చేశాడో నాకు అర్థమైంది. మీ బ్రాడీపేట ఇంటి గోడ పాతకాలపుది, లావుది, అందులో ఉన్న కన్నం 75కి సరిపోయేది, దాన్ని మళ్లీ కొడితే ప్లాస్టరింగ్ రాలుతుందని భయపడి, పెద్ద పైపునీ చిన్న పైపునీ కలిపే రెడ్యూసర్ ముక్క వేసి ముగించాడు. కానీ ఆ ఒక్క ముక్క మీద టైల్స్ పరిచేశారంటే ఆ తర్వాత బాధపడేది మీరు.

నీళ్లు పోయే దారిలో పైపు పెద్దదవచ్చు, చిన్నది కాకూడదు. వాష్ బేసిన్ కింద సన్నగా మొదలై, తర్వాత 75, బయట నిలువు పైపు దగ్గర 110, అక్కణ్నుంచి వీధి వైపు 160 అయినా మంచిదే. 110లో వచ్చిన నీళ్లను 75లోకి దూర్చడం మాత్రం ఎంత మంచి రెడ్యూసర్ పెట్టినా తప్పే. 110ని 110తో, 75ని 75తో గుణించి చూడు, 12100కి 5625. అంటే సగం నోరు కూడా లేదు. మొదటి నుంచీ 75 వేసి ఉంటే నేనేమీ అనేదాన్ని కాదు, స్నానాల గది నీళ్లకి, బేసిన్‌కి అది చాలు. కమోడ్‌కి మాత్రం 110 తప్పదు, అది మీకు వేరే లైన్లోనే వెళుతోంది, బాగుంది. ఇబ్బందంతా మధ్యలో సన్నబడటంతోనే.

ఎందుకో చెబుతాను. దుకాణంలో అడగ్గానే ఇచ్చే రెడ్యూసర్‌లో చిన్న నోరు పెద్ద నోటికి సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. 110కీ 75కీ తేడా 35 మిల్లీమీటర్లు, అందులో సగం, అంటే పదిహేడున్నర, పైన మెట్టు అవుతుంది, మిగతా సగం కింద మెట్టు అవుతుంది. నిలువు పైపులో అయితే ఆ మెట్టు దగ్గర నీళ్లు నిలవవు. పడుకోబెట్టిన పైపులో, అందులోనూ పెద్దదాని నుంచి చిన్నదానికి పెడితే, ఆ కింద మెట్టు నీళ్లకి అడ్డంగా లేచి నిలబడుతుంది. మేస్త్రీలు అడుగుకి పావు అంగుళం వాటం ఇస్తారు కదా, ఆ వాటానికి లెక్క కడితే మెట్టు వెనక సుమారు మూడడుగుల మేర నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. అందులోకి సబ్బు మడ్డి, తలవెంట్రుకలు, నువ్వు పాపకి నలుగు పెట్టినప్పుడు రాలే శనగపిండి, అన్నీ చేరి అడుగున పేరుకుంటాయి. ఆరు నెలలు ఏమీ తెలియదు. ఆ తర్వాత ఒక రోజు స్నానం చేస్తుంటే నీళ్లు పాదాల చుట్టూ నిలబడి నెమ్మదిగా దిగుతాయి.

మన సత్యనారాయణపురం ఇంట్లో పైపోర్షన్ వేసినప్పుడు నువ్వు తొమ్మిదో తరగతి, నీకు ఇవేమీ గుర్తుండవు. వంటింటి సింక్ నుంచి 75 పైపు వచ్చి 110లో కలవాలి. ఆ రోజు రెడ్యూసర్ తేలేదు, దుకాణం మూసేశారన్నాడు ప్లంబర్. కాగితాలు మంటపెట్టి 75 పైపు మూతిని కాల్చి సాగదీసి, 110 మూతిలో దోపి, చుట్టూ గోనె దారం చుట్టి సిమెంటు మెత్తేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, అడగలేదు. అడిగి ఉండాల్సింది. పీవీసీ నున్నగా ఉంటుంది, దానికి సిమెంటు అంటుకోదు, చుట్టూ గట్టిపడి నిలబడుతుందంతే. పైగా ఆ పైపులో రోజూ వేడి గంజి పోసేదాన్ని. మూడు మీటర్ల పైపు ముప్పై డిగ్రీలు వేడెక్కితే ఐదారు మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారితే మళ్లీ ముడుచుకుంటుంది. రోజుకి రెండుసార్లు అలా సాగి ముడుచుకుంటుంటే సిమెంటు చుట్టూ వెంట్రుకంత సందు పడింది. కాల్చిన చోట పైపు పలచబడి ముందే బలహీనమై ఉంది. రెండేళ్లకి కింద హాలు సీలింగ్ మీద అరచేయంత పసుపు మచ్చ వచ్చింది. మీ నాన్నగారు రెండుసార్లు సున్నం వేయించారు, రెండుసార్లూ అది మళ్లీ పైకి తేలింది. చివరికి ఉగాది ముందు వంటింట్లో గచ్చు పగలగొట్టించాం. సిమెంటు గడ్డ చేతికి ఊడి వచ్చేసింది, లోపల పైపు మీద దాని గుర్తు కూడా లేదు. నాలుగు రోజులు హాల్లో స్టవ్ పెట్టుకుని వండాను. ఆ రోజు కొనని ఆ చిన్న ముక్క ఖరీదు పదుల రూపాయల్లోనే.

అందుకే నీకు ఇంత వివరంగా చెబుతున్నాను, విసుక్కోకు.

ఇప్పుడు మీ ఇంటికి ఏం చేయాలంటే, ఆ గోడ కన్నాన్ని పెద్దది చేయించు. సుత్తీ ఉలీతో కొట్టనివ్వకు, కోర్ కటింగ్ చేసేవాళ్లని పిలిస్తే గుండ్రంగా, పక్క ప్లాస్టరింగ్ కదలకుండా కోసి వెళతారు. 110 పైపు నేరుగా గోడ దాటి బయట నిలువు పైపులో కలవాలి. బేసిన్ నుంచి, వాషింగ్ మెషీన్ నుంచి వచ్చే 75 లైన్లు ఈ 110లో కలిసే చోట రెడ్యూసర్ విడిగా, టీ (ఇంగ్లిష్ T ఆకారపు ముక్క) విడిగా కొనకు. 110కి 75 అని రెడ్యూసింగ్ వై (Y ఆకారపు ముక్క) దొరుకుతుంది, ఒకటే ముక్క, ఒక జాయింటు తగ్గుతుంది. టైల్స్ కింద పూడ్చేసే చోట ఎంత తక్కువ జాయింట్లుంటే అంత మంచిది. టీ కంటే వై ఎందుకంటే నీళ్లు వాలుగా వచ్చి కలుస్తాయి, ఎదురుగా వచ్చి పైపు లోపలి గోడకి కొట్టుకోవు. మలుపు ఉన్న చోట డోర్ బెండ్, బయట నిలువు పైపుకి డోర్ టీ పెట్టించు. మూత విప్పి కడ్డీ దూర్చే వీలుంటుంది.

విడి రెడ్యూసర్ పెట్టక తప్పని చోట, చిన్న పైపు నుంచి పెద్ద పైపులోకి, రెండు రకాలుంటాయి. ఒకటి నడిమధ్య నోరున్నది. అందులో నీళ్లు పదిహేడున్నర మిల్లీమీటర్లు కిందికి జారి పడతాయి కాబట్టి నిలవవు, కాకపోతే అంత లోతు మనకి ఉండాలి. రెండోది నోరు ఒక పక్కకి ఉన్నది, ఎక్సెంట్రిక్ అంటారు. మీ సంకన్ స్లాబులో, అదే పైపుల కోసం పల్లంగా దింపి వేసిన స్లాబులో, లోతు తక్కువ అన్నావు కదా, అక్కడ దాన్ని అడుగు సమంగా ఉండేలా పెడితే లోతు కలిసొస్తుంది. లోతు దండిగా ఉంటే దాన్నే తిప్పి పైభాగం సమంగా ఉండేలా పెట్టుకోవడం నాకిష్టం. పెద్ద పైపు పావు వంతు నిండినా నీళ్లు చిన్న పైపులోకి వెనక్కి ఎగదన్నవు. ఇది కాక బుష్ అని పొట్టి ముక్క ఒకటి ఇస్తారు, ఫిటింగ్ సాకెట్ లోపల దూరిపోతుంది, చోటు లేనప్పుడు పనికొస్తుంది. దాని అంచు లోపల నిటారుగా ఉంటుంది, రెడ్యూసర్‌లా ఏటవాలుగా ఉండదు. చోటుంటే రెడ్యూసరే తీసుకో.

దుకాణానికి వెళ్లినప్పుడు అంగుళాల్లో అడక్కు. మూడంగుళాలంటే ఒకడు 75 ఇస్తాడు, ఇంకొకడు 90 ఇస్తాడు. మిల్లీమీటర్లలో అడుగు, చేతిలో మీ పైపు ముక్క ఒక జానెడు కోసి పట్టుకెళ్లు, అక్కడే తొడిగి చూడు. ఇంకో చిక్కుంది. మంచినీళ్లకి వేసే తెల్ల యూపీవీసీ పైపులు అంగుళాల కొలతలో తయారవుతాయి, వాటి నాలుగంగుళాల పైపు బయటి కొలత 114 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, మన డ్రైనేజీ పైపు 110. చూపుకి ఒకటే, తొడిగితే ఎక్కదు, ఎక్కకపోతే ప్లంబర్ మళ్లీ మంట పెడతాడు. మంట కనపడితే పని ఆపించు, మొహమాటపడకు. డ్రైనేజీకి ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాడిన నీళ్లు, వాననీళ్లు పోయే పైపులు) అని అడగాలి, పైపు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 13592 అన్న అంకె, టైప్ బి అని ఉండాలి. టైప్ ఏ వాననీళ్లకి, గాలి పైపుకి. 110లో ఏ రకం గోడ మందం 2.2 మిల్లీమీటర్ల నుంచి, బి రకం 3.2 నుంచి ఉంటుంది, బొటనవేలితో నొక్కినా తెలిసిపోతుంది. ఫిటింగుల మీద ఐఎస్ 14735 ఉంటుంది. పైపు మంచిది కొని రెడ్యూసర్ దగ్గర చవక చూడకు, కారేది అక్కడే.

అతికించడం కూడా దగ్గరుండి చూడు. పైపు నిటారుగా కోయాలి, కోసిన అంచున లోపల పొట్టు లేస్తుంది, దాన్ని బ్లేడుతో గీకి వేలు పెట్టి తిప్పితే నున్నగా తగలాలి. వెంట్రుక మొదట చుట్టుకునేది ఆ పొట్టుకే. తర్వాత గుడ్డతో తుడిచి, ఫిటింగ్ లోపలికీ పైపు బయటికీ రెండిటికీ సొల్యూషన్ పూసి, దోపి పావు మలుపు తిప్పి, అరనిమిషం వదలకుండా పట్టుకోవాలి. బయట పడమటి గోడ మీద నిలువు పైపుకి మాత్రం సొల్యూషన్ వద్దు, రబ్బరు రింగు ఫిటింగులు అడుగు. రోహిణి కార్తె ఎండ మన దగ్గర ఎలా ఉంటుందో నీకు తెలుసు, పైపు సాగడానికి చోటు కావాలి. రింగు ఫిటింగ్‌లో పైపు పూర్తిగా లోపలికి దోపి, మళ్లీ పది మిల్లీమీటర్లు వెనక్కి లాగి వదలాలి. జారడానికి సబ్బు నీళ్లు రాయమను, నూనె రాస్తే రబ్బరు చెడిపోతుంది.

బేసిన్ కింద సంగతి మర్చిపోయాను. ముడతల పైపు 32 ఉంటుంది, దాన్ని 75 మూతిలో అలా వదిలేసి చుట్టూ పాతగుడ్డ కుక్కేస్తారు, చాలా ఇళ్లలో చూశాను. బొద్దింకలు రాత్రిపూట వచ్చేది ఆ సందులోంచే. దానికి రబ్బరు బిరడా లాంటి రెడ్యూసర్ ఉంటుంది, మధ్యలో పైపు బిగుతుగా పడుతుంది. తప్పకుండా పెట్టించు. ట్రాప్‌లో రెండంగుళాల నీళ్లు నిలిచి ఉంటేనే వాసన ఆగుతుంది. ట్రాప్ తర్వాత పైపు ఇరుకైతే ఒక బకెట్ నీళ్లు ఒక్కసారి పోసినప్పుడు పైపు నిండుగా పారి, ఆ నిలవ నీళ్లని కూడా లాక్కుపోతుంది. గుడగుడమని చప్పుడు వినిపిస్తే అదే. ఇరుకు ఎందుకు వద్దంటున్నానో దీన్నిబట్టి కూడా చూడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్లింట్లో నీళ్లు తగ్గాక బురద ఎత్తిపోశాం కదా. గదులు కడగడం రెండు రోజుల్లో అయిపోయింది. వెనక బాత్రూం పైపు మాత్రం పది రోజులు తెరుచుకోలేదు. చివరికి పగలగొడితే 110 నుంచి 90కి తగ్గించిన చోట, సరిగ్గా ఆ మెట్టు వెనక, ఒండ్రు ఇటుకలా గట్టిపడి ఉంది. మిగతా పైపంతా ఖాళీ. పిన్ని ఆ ముక్కని చేతిలో పట్టుకుని ఎంతసేపు చూసిందో.

శనివారం పొద్దున మొదటి బస్సుకి బయల్దేరి ఎనిమిదింటికల్లా వచ్చేస్తాను. అప్పటిదాకా టైల్స్ మేస్త్రీని రానివ్వకు, రోజు కూలీ పోయినా సరే, నేనిస్తాను. శుక్రవారం సాయంత్రానికి 110 లైను గోడ దాటించి, బయట కలపకుండా చివర మూత బిగించి ఉంచమను. నాని ట్రాప్‌లోంచి నీళ్లు నింపి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి రాత్రంతా వదిలేయండి. గీత దగ్గరే నీళ్లుంటే నేను రాగానే చూసి, మూత తీసి బయట పైపుకి కలిపిద్దాం. దిగి ఉంటే ఏ జాయింటో వెతకడానికి ఇంకా పైన మట్టి లేదు, టైల్ లేదు.

అల్లుడికి చెప్పు, కోర్ కటింగ్ వాళ్లతో ఈ రోజే మాట్లాడమని. నీకు గోంగూర పచ్చడి తెస్తున్నాను, పాపకి కారం లేకుండా కొంచెం వేరే తీశాను.

అమ్మ