పోస్టు డబ్బా మీద నీ పేరు

అమ్మలూ,

చదువుకు బెర్లిన్ వెళ్తున్నావు కదా, ఈ కాగితాలు నీ పాస్‌పోర్టు ఫైల్లో పెడుతున్నాను. విమానంలో ఒకసారి, అక్కడ గది తాళం చేతికొచ్చాక ఇంకోసారి చదువు. పెట్టెలో నెయ్యి డబ్బా, పాలకోవా, కోడి పచ్చడి కనబడలేదని అమ్మ మీద అలగకు, తీసింది నేనే. పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ బయటి దేశాల నుంచి సామానులో తేవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. పచ్చి కరివేపాకుదీ అదే గతి. ఆవకాయ, కందిపొడి అలాగే ఉన్నాయి.

దిగగానే వంద పనులున్నట్టు అనిపిస్తుంది గానీ అవన్నీ ఒకే గొలుసు. ముందుది పూర్తికాకపోతే తర్వాతది కదలదు. దాని మొదటి కొస పోస్టు డబ్బా మీద నీ పేరు. నవ్వకు. అక్కడ చిరునామాలో ఫ్లాట్ నంబరు రాసే అలవాటు చాలా ఇళ్లకు లేదు. పోస్టుమాన్ డబ్బా మీద పేరు చూసి వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం తిరుగుటపా. బ్యాంకు కార్డు ఒక ఉత్తరంలో, దాని పిన్ ఇంకో ఉత్తరంలో వస్తాయి. ఇన్సూరెన్సు కార్డు, పన్ను నంబరు కూడా పోస్టులోనే. పేరు అంటించడం ఒక్క వారం ఆలస్యమైతే ఇవన్నీ వెనక్కి పోయి, మళ్లీ తెప్పించుకునేసరికి నెల గడుస్తుంది.

మన తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరున్నా, అసలు పేరున్నా, ఆఫీసులన్నీ దాన్నే పట్టుకుని ఉత్తరాలు రాస్తాయి. అందుకే డబ్బా మీదా, వీధి తలుపు దగ్గర బెల్లు మీదా ఇంటిపేరూ, అసలు పేరూ రెండూ రాయి. వేరేవాళ్ల ఫ్లాట్‌లో గది తీసుకుంటే చిరునామాలో కేరాఫ్ అని వాళ్ల పేరు కూడా ఉండాలి.

తర్వాత అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. ఇంట్లో చేరిన 14 రోజుల్లో చేయించాలి. అది జరిగే చోటు బ్యుర్గర్‌ఆమ్ట్, అంటే ఊరివాళ్ల కాగితాల పనులు చూసే ప్రభుత్వ ఆఫీసు. పాస్‌పోర్టు, నింపిన ఫారంతో పాటు, నువ్వు ఫలానా తేదీన ఇంట్లో దిగావని ఇల్లిచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. దీని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పలకడం రాకపోయినా ఫోన్‌లో రాసిపెట్టుకో. అద్దె ఒప్పందం దీనికి బదులు పనికిరాదు. చాలామంది ఇక్కడే దెబ్బ తిని, దొరికిన అపాయింట్‌మెంట్ పోగొట్టుకుంటారు. నీ పేటలోని ఆఫీసుకే వెళ్లాలని లేదు, బెర్లిన్‌లో ఏ బ్యుర్గర్‌ఆమ్ట్ అయినా చేస్తుంది. పొద్దున్నే సైట్ తెరిచి చూస్తే ఎవరో వదులుకున్న సమయాలు కనబడుతుంటాయి. 14 రోజుల్లో దొరక్కపోతే, గడువులోపే బుక్ చేసుకున్నట్టు రుజువు దాచుకో. గది మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: అన్‌మెల్డుంగ్ చేయనిస్తారా? కాదంటే ఎంత చవకైనా తాత్కాలికానికి తప్ప తీసుకోకు.

గది చూడకుండా, ఒప్పందం లేకుండా డిపాజిట్ పంపొద్దు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు వేస్తే తాళాలు కొరియర్ చేస్తాను" అన్నవాడు దొంగ, అందులో అనుమానమేం లేదు. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటే దాటకూడదని చట్టం. కాల్ట్ అంటే ఉత్త గది అద్దె, వార్మ్ అంటే నీళ్లు, హీటింగ్ వగైరా కలిపినది. కరెంటు, ఇంటర్నెట్ వార్మ్‌లో ఉన్నాయో లేదో విడిగా అడుగు. చేరిన రోజే గోడలు, నేల, కిటికీలు ఫోటోలు తీసిపెట్టుకో.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, వేసిన 11,904 యూరోలు నెలకు 992 చొప్పున విడుదలవుతాయి. కానీ నీ పేర అక్కడ మామూలు ఖాతా తెరిచి, కాగితాలు పంపాకే మొదటి వాయిదా. అందాకా చేతి డబ్బే గతి, కాబట్టి మొదటి నెల అద్దె, డిపాజిట్ విడిగా పెట్టాను. ఆ 992లో గదికి 650 పోయి, ఇన్సూరెన్సుకు 150 పోతే, మిగిలేది 192. రేడియో, టీవీ రుసుమని నెలకు 18.36 యూరోలు అడుగుతూ ఉత్తరం వస్తుంది. మా ఇంట్లో టీవీ లేదు కదా అని పారేయకు, ఇంటికొకటి కట్టాల్సిందే. ఫ్లాట్‌లో ఇంకొకరు ఇప్పటికే కడుతుంటే వాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపితే సరి. ఊరుకుంటే బాకీ పేరుకుంటుంది.

వీసా గడువు తేదీ ఇప్పుడే ఫోన్‌లో గుర్తు పెట్టుకో. రెసిడెన్స్ పర్మిట్‌కు ఆ తేదీకి ముందే దరఖాస్తు పెట్టాలి. పెట్టిన రుజువు ప్రింటు తీసి దాచు.

ఇక గది సంగతి. అక్కడి ఫ్లాట్ తలుపులకు బయటివైపు తిరిగే పిడి ఉండదు, కదలని గుండీ ఉంటుంది. చెత్త పారేయడానికి చెప్పులేసుకుని బయటికొచ్చి తలుపు దగ్గరకి లాగావా, అంతే, తాళంచెవి లేనిదే తెరుచుకోదు. ఆదివారం రాత్రి తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే వందల యూరోలు గుంజుతాడు. మొత్తం ఎంతో ఫోన్‌లోనే చెప్పించుకోవాలి, "తాళం వేయలేదు, తలుపు మాత్రమే పడింది" అని స్పష్టంగా చెప్పాలి. అంతకంటే మేలు, రెండో తాళంచెవి నమ్మకమైన స్నేహితురాలి దగ్గర ఉంచడం.

కిటికీ పిడి కిందికుంటే మూత, అడ్డంగా తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది. చలికాలంలో ఆ వాల్చే పద్ధతిలో రోజంతా వదిలేయకు. కిటికీ చుట్టూ గోడ చల్లబడి, అన్నం వండిన ఆవిరీ, గదిలో ఆరేసిన బట్టల తేమా అక్కడే చేరి నల్లగా బూజు పడుతుంది. ఆ ఖర్చు డిపాజిట్‌లో కోస్తారు. రోజుకు రెండు మూడుసార్లు, హీటర్ కట్టేసి, ఐదు నుంచి పది నిమిషాలు బార్లా తెరిచి మూసేయి. హీటర్ తిప్పే పిడి మీద 3 అంకె అంటే దాదాపు 20 డిగ్రీలు. 5లో పెడితే గది త్వరగా వేడెక్కదు, ఎక్కువ వేడెక్కుతుంది, అంతే.

ఆదివారం దుకాణాలుండవు, శనివారమే సరుకులు తెచ్చుకో. డిస్పోజబుల్ ప్లాస్టిక్ బాటిల్‌కు 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, పారేయకుండా సూపర్‌మార్కెట్ మెషీన్లో వేసి వెనక్కి తీసుకో.

చదువు గురించి చెప్పాల్సింది ఒకటే. క్లాసులో పేరున్నంత మాత్రాన పరీక్షకు పేరున్నట్టు కాదు. పరీక్షకు వేరే నమోదు, దానికో గడువు. అది దాటితే ప్రొఫెసర్ కూడా ఏమీ చేయలేకపోవచ్చు. ఒక సబ్జెక్టుకు ఎన్ని ప్రయత్నాలిస్తారో మీ కోర్సు నిబంధనల్లో మొదటి వారమే చదువు, అవి లెక్కపెట్టినన్నే. ఒంట్లో బాగాలేక పరీక్ష మానాల్సి వస్తే ఆ రోజే డాక్టరు కాగితం తీసుకో. మార్కుల్లో 1.0 అన్నింటికంటే మెరుగు, 4.0 గట్టెక్కినట్టు, 5.0 తప్పినట్టు. మొదటిసారి 1.7 చూసి ఏడవకు.

జ్వరానికి అర్ధరాత్రి డాక్టరు కావాలంటే 116117. ప్రాణం మీదికొస్తే 112.

అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అప్పటినుంచి మనకూ నీకూ తేడా నాలుగున్నర గంటలు. డిసెంబర్‌లో నీకు సాయంత్రం నాలుగుకే పొద్దు వాలిపోతుంది, ఆ వేళ ఇక్కడ ఎనిమిదిన్నర, అమ్మ వంటిల్లు సర్దేసి ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఫోన్ చెయ్యి.

నాన్న