ర్యామ్ కొనకురా, ముందు ఇది చూడు

ఒరేయ్,

ఉత్తరం అందింది. ఆఫీసు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించినప్పటి నుంచి ఇన్‌వాయిస్ స్క్రీన్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోందని, సర్వర్‌కి ర్యామ్ పెంచుదామనుకుంటున్నామని రాశావు. ఆగరా. కాలం ఎక్కడ ఖర్చవుతోందో తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టకండి.

"స్లోగా ఉంది" అంటే చాలదు. ఏ స్క్రీను, ఎవరికి, ఎన్ని సెకన్లు, ఏ వేళప్పుడు అన్నది కాగితం మీద పెట్టు. తర్వాత అదే పని సర్వర్ మీద లాగిన్ అయి చేసి చూడు. అక్కడ చకచకా నడిచి మీ సీట్ల దగ్గర మాత్రం నత్తనడక నడిస్తే, చూడాల్సింది నెట్‌వర్క్. ఒక స్క్రీను తెరుచుకునేలోపు డేటాబేస్‌ని 400 సార్లు అడుగుతుందనుకో. ఒక్కో రాకపోకకి 1 మిల్లీసెకను అయితే అర సెకను కూడా కాదు. 30 అయితే 12 సెకన్లు! లైన్ స్పీడు ఎంత పెంచినా ఇది తగ్గదు. అప్‌గ్రేడ్‌తో పాటు సర్వర్‌ని క్లౌడ్‌కి మార్చారేమో కనుక్కో.

సర్వర్ మీద కూడా అంతే ఆలస్యమైతే డేటాబేస్ సంగతి చూడాలి. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. డేటాబేస్‌ని నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 వెర్షన్ నుంచి 2019కి వెళ్లామన్నావు కదా. ఏ క్వెరీకి, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నకి, ఎన్ని వరుసలు వస్తాయో అంచనా కట్టే లెక్కని 2014లో మార్చేశారు. కంపాటిబిలిటీ లెవెల్, అంటే డేటాబేస్ ఏ వెర్షన్‌లా నడవాలో చెప్పే సెట్టింగ్, 110లో (2012 లాగా) ఉంటే పాత లెక్కే నడుస్తుంది, 150 (2019 లాగా) చేయగానే కొత్తది మొదలవుతుంది. చాలా క్వెరీలకి అది మేలే. కానీ అంచనా తప్పిన ఒకటి రెండు క్వెరీలు చాలు, ఆఫీసంతా ఆగిపోవడానికి.

అందుకని ముందు పెద్ద టేబుళ్ల స్టాటిస్టిక్స్‌ని, అంటే ఆ అంచనాకి ఆధారమైన లెక్కల్ని, ఫుల్‌స్కాన్‌తో (వరుసలన్నీ చదివి) అప్‌డేట్ చేయించు. అప్‌గ్రేడ్ స్క్రిప్టులు లక్షల వరుసలు మార్చి ఉంటే పాత స్టాటిస్టిక్స్ పనికిరావు. రాత్రిపూట చేయి, డిస్క్‌కి భారం. అయినా తగ్గకపోతే లెవెల్ 110కి దించి చూడు. స్క్రీను మళ్లీ పరుగెత్తిందా, దొంగ దొరికినట్టే. అక్కడే ఉండిపోవద్దు. ఏ క్వెరీ ఎలా నడిచిందో రాసిపెట్టే క్వెరీ స్టోర్ ఆన్ చేయి, పాత డేటాబేస్ కదా, అది దానంతటది ఆన్ అవదు. నెలాఖరు లెక్కలు కూడా అందులో పడేదాకా నడవనిచ్చి అప్పుడు 150కి వెళ్లు. ఏ క్వెరీ దిగజారిందో అదే చూపిస్తుంది, దానికొక్కదానికి పాత ప్లాన్‌నే, అంటే మునుపు నడిచిన పద్ధతినే, ఫోర్స్ చేస్తే సరిపోతుంది.

స్క్రీను వేలాడుతున్నప్పుడే, నడుస్తున్న రిక్వెస్టులు దేనికోసం వెయిట్ చేస్తున్నాయో డేటాబేస్ చూసుకునే డీబీఏని చూడమను. వెయిట్ పేరు ఎల్‌సీకే (LCK) అని మొదలైతే ఎవరో లాక్ పట్టుకుని కూర్చున్నారు. పేజ్‌ఐవోల్యాచ్ (PAGEIOLATCH) అయితే డిస్క్ నుంచి చదవడం కోసం ఆగడం. నీ ర్యామ్ మాట కాస్త పనికొచ్చేది ఎక్కువగా ఇలాంటి చోటే, అదీ ఇండెక్స్ (వరుసని వెంటనే వెతికిపెట్టే సూచిక) లేక టేబుల్ మొత్తం చదవడం లేదని తేలాకే. ఇండెక్స్ అంటే గుర్తొచ్చింది, మీరు సొంతంగా వేసుకున్నవి అప్‌గ్రేడ్‌లో ఎగిరిపోయి ఉండొచ్చు. పాత బ్యాకప్‌ని టెస్ట్ మెషిన్ మీద రీస్టోర్ చేసి రెండు జాబితాలూ పోల్చు. యాంటీవైరస్ డేటాబేస్ ఫైళ్లని స్కాన్ చేయకుండా మినహాయింపు ఉందో లేదో, ఇన్‌స్టాల్ చేసినవాళ్లు డీబగ్ లాగింగ్ (ప్రతి అడుగూ ఫైల్లో రాసుకోవడం) ఆపారో లేదో కూడా అడుగు.

ఒకసారికి ఒక్కటే మార్చరా. మార్చాక మళ్లీ సెకన్లు లెక్కపెట్టు. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

జవాబుతో పాటు ఆ ఇన్‌వాయిస్ క్వెరీ యాక్చువల్ ప్లాన్ (నిజంగా నడిచిన తీరు చూపే) ఫైల్ పంపు. అంచనా 1 వరుస అని ఉండి, నిజంగా వచ్చినవి లక్షల్లో ఉన్న చోటు ఏదో గుర్తు పెట్టి మరీ పంపు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

నీ
మిత్రుడు