ఉద్దానం సంగతి సభలోనే చెప్పండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

అసెంబ్లీలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం పేరు వినిపిస్తే మా వజ్రపుకొత్తూరు మండలంలో టీవీ సౌండు పెంచుతారు. కిడ్నీ జబ్బు మాకే ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా కచ్చితంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం కూడా అప్పుడే. మంచి పనే, కాదనను.

మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. వెళ్లొచ్చేసరికి రోజు గడిచిపోతుంది. తోడు వెళ్లే అమ్మకు ఆ రోజు జీడిపిక్కల కూలి పోయినట్టే. ఇంటికొచ్చాక ఇద్దరూ మాట్లాడరు, పడుకుంటారు.

పరిశోధన ఎంతదాకా వచ్చింది? కిడ్నీ డాక్టర్లు ఎంతమంది ఉన్నారు? ఏయే ఊళ్ల కుళాయిల్లో ఆ నీళ్లు రోజూ వస్తున్నాయి? వచ్చే సమావేశాల్లో లెక్కలతో జవాబివ్వండి.

ఇట్లు,
ఉద్దానం ఆడపడుచు